ఆరు రోజుల గచ్చు

భువనగిరిలో స్టేషనుకు పోయే దారి వెనక ఒక ఆముదాల గోదాము ఉండేది. దాని కప్పు కొలతలు నాకు ఇప్పటికీ నోటికి వస్తాయి. పొడుగు అరవై అడుగులు, వెడల్పు ఇరవై నాలుగు. పిట్టగోడ అడుగున్నర. నీళ్లు పోయే రాతి తూములు ఆరు, వాటిలో నాలుగు పూడిపోయినవి. నా చేతి మీదుగా ఎన్నో బావుల లోతులు, ఎన్నో గోడల పొడవులు పోయాయి. అన్నీ మరిచాను. ఈ ఒక్క కప్పు మాత్రం పోదు.

అప్పటికి నాకు ముప్పై అయిదేళ్లు దాటాయి. ఒక పంతులు సొంతంగా నడిపే ఖానగీ బడిలో మూడేళ్లు కూర్చుని, మా బాపు చనిపోయిన ఏడాది లేచి వచ్చాను. ఆ పైన నేర్చుకున్నదంతా బడి బయటే. గింజలు కొలిచేవాళ్ల దగ్గర పావు, ముప్పావు ఎక్కాలు నేర్చుకున్నాను. బావులు తవ్వేవాళ్ల దగ్గర మట్టి లెక్క, రైలు కట్ట మీద పనిచేసిన ఒక ముసలాయన దగ్గర ఘనపుటడుగులు. మేస్త్రీలు పని ఒప్పుకునే ముందు నా దగ్గరికి వచ్చేవారు. ఎన్ని తట్టలు, ఎంతమంది, ఎన్ని రోజులు అన్నది కాగితం మీద వేసి చదివి వినిపిస్తే, తల ఊపి పోయి పని మొదలుపెట్టేవారు. నా లెక్క తప్పిందని ఎవరూ అనలేదు. ఎవరూ అనకపోయేసరికి అది తప్పదని నేనూ నమ్మాను.

మా అక్క భర్త గచ్చు మేస్త్రి. సిమెంటు స్లాబులు రాకముందు మా వైపు పెద్ద కప్పులన్నీ గచ్చువే. టేకు దూలాల మీద దంతెలనే సన్న వాసాలు, వాటి మీద పలుచని బండలు పరుస్తారు. ఆ బండల మీద గానుగలో నూరిన సున్నమూ ఇటుక తునకలూ కలిపి నాలుగు అంగుళాల మందం పోస్తారు. తరవాత ఆడవాళ్లు వరసగా గొంతుక్కూర్చుని, పిడి ఉన్న చెక్కలతో దాన్ని కొడతారు. కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చల్లుతూ రోజుల తరబడి కొడతారు. నాలుగు అంగుళాలు మూడుకు దిగి, చెక్క పడిన చోట మెత్తటి చప్పుడు పోయి గణగణమన్నప్పుడు ఆపుతారు. చివర నున్నటి గుండురాయితో రుద్ది, తడిపిన గడ్డి కప్పి, ఇరవై రోజులు ఆరనీయకుండా కాపాడతారు. బాగా కుదిరిన గచ్చు ఇద్దరు మనుషుల వయసు బతుకుతుంది. ఆముదాల గోదాము మీద ఉన్నది బావ వాళ్ల తాత వేసిన గచ్చే.

తూములు పూడి, నీళ్లు నిలిచి, ఆ గచ్చు అక్కడక్కడ గుల్లబారింది. రెండు వానకాలాలు ఆముదాలు తడిసి బూజు పట్టాయి. గోదాము సేటు పాతకాలం మనిషి. పట్నం నుంచి ఒక డాంబరు పూతల గుత్తేదారు వచ్చి, గోనెపట్టా పరిచి దాని మీద డాంబరు కాచి పోస్తానని, నాలుగు రోజుల్లో ముగిస్తానని చెప్పి పోయాడు. అయినా సేటు ముందు బావను పిలిపించాడు. కొలతల కోసం నేనూ వెంట పోయాను. ముగ్గురం నిచ్చెన ఎక్కి కప్పు మీద నిలబడ్డాం. ఎదురుగా కోట గుండు, ఊరి మీదికి లేచిన ఒంటి బండకొండ. ఎండకాలం మొదట్లోనే దాని వేడి మొహానికి కొడుతోంది.

"మీ తాత ఏసిన గచ్చు. గందుకే నిన్ను ముందు అడుగుతున్న," అన్నాడు సేటు బావతో. "వానలు పడకముందే, మిరుగం కార్తె లోపల జేసి సూపియ్యి. ఈ వానకాలం ఒక్క సుక్క ఉరవకపోతే కడమ మూడు గోదాములు, మిల్లు కప్పు, అన్నీ నీకే. పదేండ్లు ఇంకో పని ఎతుక్కునే అక్కర ఉండది. ఉరిసిందనుకో, డాంబరాయన ఉండనే ఉన్నడు."

బావ చేతులు జోడించాడు. రెండేళ్లుగా ఆయనకు గచ్చు పని దొరకలేదు. కొత్తగా కట్టుకునేవాళ్లు రేకులు వేసుకుంటున్నారు, ఉన్నవాళ్లు సిమెంటు పోయిస్తున్నారు. ఆయన గోడలకు పూతలు పూసి, పొయ్యిలు కట్టి రోజులు నెట్టాడు. గచ్చు కొట్టే ఆడవాళ్ల జట్టు పదిమంది, పోచంపల్లి దగ్గరి పల్లె వాళ్లు, ఆయన పిలుపు కోసమే చూస్తున్నారు. ఈ కప్పు నిలిస్తే ఆయన గచ్చు మేస్త్రిగా మిగులుతాడు, లేకపోతే లేదు. కిందికి దిగేటప్పుడు ఆ సంగతి ఆయన నోటితో అనలేదు. నిచ్చెన మెట్టు మీద ఆగి, పాత గచ్చును అరచేత్తో ఒకసారి తడిమి దిగాడు.

ఆ వారమంతా నేను లెక్క వేశాను. నూట అరవై చదరపు గజాలు. నాలుగు అంగుళాల మందానికి నాలుగు వందల ఎనభై ఘనపుటడుగులు. మా తట్టకు అర ఘనపుటడుగు పడుతుంది, కాబట్టి తొమ్మిది వందల అరవై తట్టలు. అందులో సున్నం మూడు వందల ఇరవై, ఇటుక తునకలు ఆరు వందల నలభై. కరక్కాయ అమ్రాబాదు అడవి నుంచి తెప్పించాలి. గడ్డి మూడు బండ్లు. సున్నం గుంట ముందే తీయించి నానబెట్టాం, అందుకు సేటు అడ్డు చెప్పలేదు. ఆ కాగితం చూసుకుంటే నాకు ముచ్చట వేసేది. ఒక్క కొట్టివేత గీత కూడా లేదు.

కానీ గోదాము ఖాళీ కాలేదు. లోపల బస్తాలుండగా పైన పాత గచ్చు తవ్వితే దుమ్ము, రాళ్లు అన్నీ ఆముదాల మీదే పడతాయి. రైలు డబ్బాలు దొరకక బస్తాలు ఇరవై రోజులు కదలలేదు. అవి కదిలిన నాటికి మిరుగానికి ముప్పై నాలుగు రోజులు మిగిలాయి.

మళ్లీ కప్పు మీద కూర్చుని, బావ చెబుతుంటే నేను వేశాను. పాత గచ్చు తవ్వి దించడానికి ఆరు రోజులు. కొత్తది పోయడానికి రెండు. కొట్టడానికి పన్నెండు. గుండురాయి పనికి రెండు. గడ్డి కింద తడి ఇరవై. మొత్తం నలభై రెండు. ఎనిమిది రోజులు తక్కువ.

"తడి రోజుల్ల కొన్ని తగ్గిద్దామా?" అని అడిగాను.

"వద్దు బామ్మర్దీ. గీ గుండు పక్కన ఎండ చూస్తున్నవ్ గద. తడి తక్కువైతే పెంకు లెక్క లేస్తది."

తరవాత బావే అన్నాడు. "సేటుకు కాదని చెప్దాం తియ్యి. గీ ఒక్కటి డాంబరోనికి పోనీ. వచ్చే ఎండకాలం ఖాళీ గోదాము సూసి కడమయి అడుగుదాం. ఆయన మంచోడే, ఇనడా?"

ఆ మాట నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో చెప్పలేను. చదువు రాని మనిషి, పని లేక రెండేళ్లు కూర్చున్న మనిషి, నలభై రెండు ముప్పై నాలుగులో పట్టదని విని, అయితే వద్దు అన్నాడు. లెక్క నాకు మొదటిసారే నిజం చెప్పింది. ఆయన విన్నాడు. నేను వినలేదు.

"ఉండు బావా," అన్నాను. "నీ జట్టు పదిమంది. ఇంకో పదిమందిని తెస్తే?"

కాగితం వెనక్కి తిప్పి వేశాను. పదిమంది పన్నెండు రోజులు అంటే నూట ఇరవై రోజుల కూలి. ఇరవై మంది అయితే ఆరు రోజుల్లో అదే నూట ఇరవై. తవ్వకానికి కూడా అంతే, ఆరు రోజులది మూడుకు వస్తుంది. మూడు, రెండు, ఆరు, రెండు, ఇరవై. ముప్పై మూడు. ఒక రోజు మిగిలింది కూడా. ఇదే లెక్కతో నేను ముప్పై బావులకు రోజులు చెప్పాను, ఒక్కసారి కూడా తప్పలేదు. మట్టి ఎప్పుడు తవ్వినా మట్టే. రెండింతల చేతులు పడితే సగం పొద్దులో పోతుంది. గచ్చు మట్టి కాదన్న ఆలోచన నాకు రాలేదు.

బావ మొహంలో సందేహం ఉండింది. "గచ్చు గట్ల కాదు బామ్మర్దీ. అది తాగాలె, జర బిగియ్యాలె, మల్ల తాగాలె. మా నాయిన పన్నెండు దినాలే కొట్టిచ్చేటోడు."

"మీ నాయిన దగ్గర పదిమందే ఉండేటోళ్లు. గందుకే పన్నెండు పట్టింది. దెబ్బల లెక్క ఒకటే గద బావా?"

ఆయన కాగితం వైపు చూశాడు. ఆయనకు ఒక్క అంకె కూడా తెలియదు. వరసగా నిలబడ్డ నా అంకెలను చూసి చూసి, "నువ్వు గింత పక్కా చెప్తుంటే ఇంకేమంట. కానియ్," అన్నాడు.

తవ్వకం సరిగ్గా మూడు రోజుల్లో అయింది. నా లెక్క నిలిచిందని బావ కంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను. రెండు రోజుల్లో పోత కూడా ముగిసింది. ఆరో రోజు పొద్దున ఇరవై మంది ఆడవాళ్లు పైకెక్కారు. కొత్త పదిమందీ రోడ్డు పని చేసి వచ్చినవాళ్లు. పాత జట్టుకు పెద్ద ఒక అవ్వ, బావ నాయిన కాలం నుంచి కొట్టిన మనిషి. ఆమె పాట ఎత్తుకుంటే కడమవాళ్ల చెక్కలు ఆ పాటకే పడేవి. పాటలో ఒక చరణానికి ఇరవై దెబ్బలు. పిట్టగోడ నీడన కూర్చుని నేను చరణాలు లెక్కబెడుతూ కాగితం మీద గీతలు పెట్టుకునేవాణ్ని.

రెండో రోజు నీళ్లు తాగడానికి లేచి, అవ్వ నా దగ్గర నిలబడింది.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"దెబ్బలు అవ్వా. ఒక్కొక్కరు ఎన్ని కొట్టిండ్రో."

"దెబ్బలా!" ఆమె వెనక్కి తిరిగి అరిచింది. "ఒసే, ఇన్నరా, పంతులు మన దెబ్బలు లెక్కవెడుతున్నడు. సేటు కన్న గీయనతోనే మనకు భయం!" ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. ఒకతె, "నా ఎడమ చేతివి గూడ రాయి పంతులూ, రాత్రి ఇంట్ల కొట్టినయ్ గిట రాయకు," అంది. ఇంకా నవ్వారు.

అవ్వ చెంబు దించి నా వైపు వంగింది. "పొద్దుగూకి తోడేసిన పాలు తెల్లారి పెరుగైతది. ఇద్దరు గూసుండి తోడేస్తే నడిజామునే అయితదా?"

నేను కూడా నవ్వాను. ఆమె పరిహాసమాడుతోందనుకున్నాను. కాగితం మీద మరో గీత పెట్టాను.

కొట్టడం మొదలైన ఆరో రోజు సాయంత్రానికి దెబ్బలు లెక్క ప్రకారం పడ్డాయి, అంతకంటే రెండు వందల చరణాలు ఎక్కువే పడ్డాయి. కప్పు పైభాగం మెరుస్తోంది. సున్నపు పాలు పైకి తేలి వెన్న రాసినట్టుంది. బావ చెప్పులు విడిచి, మడమతో అక్కడక్కడ తట్టుకుంటూ చివరిదాకా నడిచాడు. నడుమ మూడుచోట్ల ఆగి, వంగి, గోటితో గీకాడు.

"మీద పలుకుతాంది. లోపల పచ్చిగుంది," అన్నాడు. "ఇంకో అయిదారు దినాలు కొట్టాలె."

"మీద పలికితే లోపల పలకదా?"

"తెల్వదు బామ్మర్దీ. కాలికి గట్ల అనిపిస్తాంది."

ఆయన కాలికి అనిపించింది. నా దగ్గర కాగితం ఉంది. అది తీసి చూపించాను. ఆరు రోజులు పెరిగితే తడి పదిహేనుకు పడిపోతుంది, తడి తగ్గితే పెంకు లేస్తుందని నువ్వే అన్నావు కదా అన్నాను. అది నిజమే. ఆయన మాటనే ఆయన మీదకి తిప్పాను. ఆయన మెరుస్తున్న కప్పునూ నన్నూ చూశాడు. అవ్వ చెక్క పట్టుకుని బావ మాట కోసం చూస్తూ నిలబడి ఉంది.

"దిగుండ్రి," అన్నాడు బావ ఆడవాళ్లతో. "రేపు రాయి పని."

గడ్డి కప్పి ఇరవై రోజులు తడిపాం. బావ రోజుకు నాలుగుసార్లు పైకెక్కేవాడు. అనుకున్న రోజుకే గడ్డి తీశాం. మిరుగానికి ఒక రోజు ముందు. కప్పు అద్దంలా ఉంది. సేటు ఎక్కి చూసి బావ భుజం తట్టాడు. ఆ సాయంత్రం అక్క పూర్ణం పెట్టి పోలెలు చేసింది. నేను నాలుగు తిన్నాను.

మిరుగం వట్టిగా పోయింది. మబ్బు లేదు, చినుకు లేదు. రోహిణి ఎండలే సాగాయి. అయిదో రోజు బావ నన్ను పిలిచాడు. నడుమ, గోటితో గీకిన చోటుకు దగ్గరలో, వెంట్రుక అంత గీత. చేతి పొడవుంది. మరునాటికి మూడు. వారానికి నేను లెక్కబెట్టడం మానేశాను. బావ సున్నం నీళ్లు గుడ్డతో అద్ది, ఒక్కొక్క గీతలోకి వేలితో తోసి పూడ్చాడు. పొద్దంతా బోర్లా పడుకుని పూడ్చేవాడు. పూడ్చినవి పక్కనే మళ్లీ విచ్చేవి. పైన ముందే బిగిసి, లోపల పచ్చిగా ఉండిపోయిన సున్నం ఇప్పుడు ఆరుతూ కుంచించుకుపోతోంది. అది అప్పుడు మాకు తెలియదు. బావ తన చేతిలోనే ఎక్కడో తప్పు జరిగిందనుకున్నాడు. ఇటుక తునకల్లో మన్ను ఉందేమో, కరక్కాయ నీళ్లు పలచనయ్యాయేమో అని ఒక్కొక్కటీ అడుగుతూ తనను తాను తినేసేవాడు.

వాన మిరుగం దాటి పదహారు రోజులకు వచ్చింది. పన్నెండు రోజులు కొట్టించి ఉంటే, ఇరవై రోజులు తడి ఉంచి ఉంటే, అప్పటికి ఇంకా పదకొండు రోజులు మిగిలేవి. ఆ రాత్రి వానలో ఎవరూ పైకి పోలేదు. పొద్దున్నే సేటు మనిషి వచ్చి తలుపు తట్టాడు.

గోదాములో తొమ్మిది చోట్ల ఉరుస్తోంది. కొత్తగా వచ్చిన బస్తాల మీద దూలాల వెంట నీళ్లు కారుతున్నాయి. సేటు కోపం చేయలేదు. కోపం చేసి ఉంటే బాగుండేది. గొడుగు ముడుచుకుంటూ, "ఏం జేస్తం మేస్త్రీ. కాలమే గట్ల ఉన్నది," అన్నాడు. వారంలోనే డాంబరు పీపాలు దిగాయి. కప్పు మీద పొయ్యి పెట్టి డాంబరు కాచారు. ఆ వాసన స్టేషను దాకా కొట్టింది. బావ రోడ్డవతల నిలబడి, ఆ మెరుపు మీద నల్లగా పోస్తుంటే చివరిదాకా చూశాడు. నేను ఇంటికి పోదామంటే రాలేదు. దసరా లోపల కడమ మూడు గోదాములకూ, మిల్లు కప్పుకూ డాంబరే పడింది.

ఊళ్లో మాట ఎట్లా నడుస్తుందో నాకు తెలుసు. "మేస్త్రికి చెయ్యి పోయింది" అన్నారు. ఎవరూ నా కాగితం సంగతి ఎత్తలేదు. రెండు పాత మిద్దెల మీద అతుకు పని అడగడానికి పోతే, ఇంటివాళ్లు తరవాత చూద్దాం అన్నారు. అవ్వ జట్టు చెక్కలు అటక మీద పెట్టి కూలికి పోయింది. నందికొండ దగ్గర సాగరు ఆనకట్ట పని అప్పటికి జోరుగా నడుస్తోంది. చేతులు ఉన్నవాడికల్లా అక్కడ పని ఉండేది. ఆ చలికాలంలో బావ సంచి సర్దుకుని రాళ్లు పేర్చే పనికి పోయాడు.

నాకు నిద్ర పట్టేది కాదు. తప్పు ఎక్కడుందో తెలియాలి. తెలిస్తే ఏం చేస్తానో ఆలోచించలేదు. మరుసటి ఎండకాలం అదే కార్తె వచ్చేదాకా ఆగాను, ఎండ కూడా ఒకటే ఉండాలని. మా ఇంటి వెనక రెండు బండలు పరిచి, ఒక్కో గజం చొప్పున రెండు మడులుగా గచ్చు పోశాను. అదే గుంట సున్నం, అవే తునకలు, అదే మందం. మొదటి మడిని రోజుకు ఆరు వందల దెబ్బల చొప్పున పన్నెండు రోజులు కొట్టాను. రెండోదాన్ని రోజుకు పన్నెండు వందల చొప్పున ఆరు రోజులు. రెండింటికీ దెబ్బలు ఏడు వేల రెండు వందలే. చేతులు బొబ్బలెక్కాయి.

ఒకరోజు అక్క పాలు తెచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏందిరా తమ్మీ, మీ బావ ఇడిసిపెట్టిన పని నువ్వు పట్టుకున్నవా?" అంది. నవ్వుతూనే అంది, కానీ చెంబు నా చేతికి ఇవ్వకుండా అరుగు మీద పెట్టి పోయింది.

ఇరవై రోజుల తడి అయ్యాక గడ్డి తీసి, రెండు మడులనూ ఎండకు విడిచిపెట్టాను. వారం గడిచింది. పన్నెండు రోజుల మడి మీద గోరు జారిపోతోంది. ఆరు రోజుల మడి మీద పదకొండు నెర్రెలు. రెండింటినీ గడ్డపారతో పగలగొట్టి చూశాను. మొదటిది రాయిలా లోపలిదాకా ఒకటే రంగు. రెండోదానిలో పైన వేలు మందం మాత్రం గట్టిగా ఉంది. కింద చేత్తో నలిపితే పొడి అయింది. ప్రతి రాత్రీ కొంత కొంత బిగిసి, మరునాడు మళ్లీ కొట్టించుకుని, మళ్లీ బిగిసి పన్నెండు పొద్దుల్లో కావలసినది అది. చేతులు ఎన్ని పెట్టినా రాత్రులు పెరగవు. బావ చేతిలో ఏ తప్పూ లేదు. ఆ సంగతి నాకు ఒక్కడికి, అనుమానం లేకుండా, పదకొండు నెర్రెలతో సహా తెలిసింది.

చెప్పాలని బస్సెక్కాను. దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. నా లెక్క తప్పు బావా, నీ కాలికి అనిపించిందే నిజం. అంతే చెప్పాలి. సాగరు దగ్గర దిగేసరికి పొద్దు నెత్తి మీదికి వచ్చింది. అన్ని వేలమందిని నేను ఒకచోట ఎప్పుడూ చూడలేదు. అడిగి అడిగి పోతే, రాళ్ల కుప్ప పక్కన తువ్వాల నెత్తికి చుట్టుకుని ఉన్న మనిషి బావే అని దగ్గరికి పోయాకే పోల్చుకున్నాను. పక్కటెముకలు తేలాయి. నన్ను చూసి లేచి, తువ్వాలతో బండ తుడిచి కూర్చోమన్నాడు.

"అక్క మంచిగున్నదా? పిల్లలు?"

"మంచిగున్నరు బావా."

ఇంతలో ఒక ఓవర్సీరు ఆ వైపు వచ్చాడు. కోస్తా వైపు మనిషి. కూలీల బియ్యం దాచే పాత కొట్టు ఒకటి ఉందని, దాని మీద గచ్చు పగిలిందని, బాగుచేయాలని చెప్పి, "గచ్చు పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? తొందరేం లేదు, ఈ వానలకు పట్టా కప్పుకుంటాం," అని అడిగాడు.

బావ పక్కన రాళ్లు అందిస్తున్నతను వెంటనే అన్నాడు. "గీయన ఉన్నడు గద సారూ. భువనగిరి మేస్త్రి. తాతల నాటి పని."

ఓవర్సీరు బావ వైపు తిరిగాడు. "చేస్తావా?"

బావ తల వంచుకుని చేతుల సున్నం దులుపుకున్నాడు. "లేదు సారూ. ఎవలో చెప్పింటరు. నాకు రాదు."

"రాదా? మరి ఇతను—"

"రాదు సారూ. నేనేస్తే ఉరుస్తది."

ఓవర్సీరు భుజాలు ఎగరేసి పోయాడు. నేను అక్కడే ఉన్నాను. ఓవర్సీరు అడుగుల చప్పుడు వినపడే దూరంలో ఉన్నంతసేపూ చెప్పవచ్చు. ఒక్క కేక వేస్తే ఆగేవాడు. నా నోరు లేవలేదు. బావ ముందర, ఆ పనివాళ్ల ముందర, ఆయన బతుకు నా కాగితం చెడగొట్టిందని చెప్పడానికి నోరు లేవలేదు. తరవాత చెబుదాం, ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదాం అనుకున్నాను. తరవాత బస్సు దాకా ఆయన నా వెంట నడిచాడు, ఇద్దరమే. అప్పుడూ చెప్పలేదు.

"ఏదో చెప్పనీకె వచ్చినట్టున్నవ్," అన్నాడు దారిలో.

"ఏం లేదు బావా. చూసిపోదామని వచ్చిన."

బస్సు కదలడానికి ఇంకా టైముంది. ఆయన కిటికీ దగ్గర నిలబడి, ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు. "మన ఇంట్ల వంట జాగ మీద ఉరుస్తాందని అక్క కబురు పంపింది. నేను రాలేను. డాంబరోల్లను పిలిపిచ్చి ఏపియ్యి. పొడుగు పదిహేను, అడ్డం పది ఉంటది. ఎంత పడుతదో నువ్వే లెక్క గట్టు బామ్మర్దీ. నీ లెక్కయితే నాకు నమ్మకం."

నేను జేబులోంచి కాగితం తీశాను. పదిహేను, పది అని రాసుకున్నాను. ఆయన చూస్తుండగా నూట యాభై అని కింద వేసి, గీత గీశాను.